తూము కాడ నీరటి, తీగలో పాకెట్టు

గీతలు నిండుగా, ఫొటో మాత్రం కదలదు

సంక్రాంతి దాటిన మొదటి ఆదివారం కొమురవెల్లిలో పట్నం వారం. బండారి పూసుకున్న మొహాలు, ఒగ్గు డోళ్ల మోత, మల్లన్న గుట్ట కింద ఇసుక వేస్తే రాలనంత జనం. ఎవరి చేతిలో చూసినా ఫోను, ఫోనులో సిగ్నల్ గీతలన్నీ నిండుగా. తీసిన ఫొటో పక్కన మాత్రం చిన్న గడియారం బొమ్మ అలాగే నిలబడి ఉంటుంది. "సిగ్నల్ ఫుల్లుంది గదా, ఎందుకు పోతలేదు?" అని ప్రతి జాతరలో ఎవరో ఒకరు అడుగుతారు.

టవర్ మాట మన ఫోనుకు ఎంత గట్టిగా వినిపిస్తోందో ఆ గీతలు చెబుతాయి. టవర్ దగ్గర మనకు చోటుందో లేదో చెప్పవు. గుడి గంట నాలుగు వీధుల అవతలికి వినిపిస్తుంది. వినిపించినంత మాత్రాన గర్భగుడి దాకా దారి ఖాళీగా ఉన్నట్టు కాదు కదా. టవర్ మీద ఒక్కో దిక్కుకు బిగించిన యాంటెనా తనకున్న సామర్థ్యాన్నంతా ఆ దిక్కున ఉన్న ఫోన్లకే పంచాలి. మామూలు రోజున వందల్లో ఉండే ఫోన్లు ఆ రోజు వేలల్లోకి వెళ్తాయి. పెద్ద జాతరలకు, సభలకు కంపెనీలు బండి మీద కట్టిన టవర్లను తెచ్చి నిలబెట్టడం చూసే ఉంటారు. సిగ్నల్ లేక కాదు, ఉన్న జనాన్ని రెండు మూడు వాటాలుగా విడగొట్టడానికే అవి వస్తాయి.

ఒకే ఫోను, రెండు హోదాలు

అదే జాతరలో, ఫొటో కదలని అదే ఫోను నుంచి మామూలు కాల్ చేసి చూడండి. చాలాసార్లు కలుస్తుంది. వాట్సాప్ కాల్ మాత్రం ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. 4జీలో ఈ రెండు మాటలూ డేటాగానే వెళ్తాయి. తేడా వాటికిచ్చిన హోదాలో ఉంది.

4జీ ప్రమాణాలు రాసినవాళ్లు ట్రాఫిక్‌ను మొదట 9 తరగతులు చేశారు. వోల్టే కాల్, అంటే 4జీ మీద వెళ్లే మామూలు కాల్‌లోని మాటది 1వ తరగతి. దానికి కావాల్సిన వేగాన్ని టవర్ ముందే తీసి పక్కన పెడుతుంది, ఆలస్యం 100 మిల్లీసెకన్లకు మించకుండా చూస్తుంది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. వాట్సాప్ కాల్, రీల్స్, పాటల డౌన్‌లోడ్ మామూలుగా 9వ తరగతి బోగీలో ప్రయాణిస్తాయి. అక్కడ 300 మిల్లీసెకన్ల లెక్క కాగితం మీద ఉంటుంది కానీ, ఇంత వేగం ఖాయం అన్న మాట లేదు. జనరల్ బోగీ లాగే, చోటుంటే కూర్చుంటాం, లేకపోతే నిలబడతాం.

దుద్దెడ టోల్ గేటు దగ్గర

రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ వెళ్లేవాళ్లకు దుద్దెడ టోల్ గేటు తెలుసు. బండ్లు ఎన్ని ఉన్నా వెనుక అంబులెన్స్ మోత వినిపిస్తే దారి ఇస్తారు. ఇంటర్నెట్‌లో డేటా పాకెట్లు అనే చిన్న ముక్కలుగా వెళ్తుంది, ఒక్కో పాకెట్టు నెత్తిన కూడా అలాంటి మోత కోసం 6 బిట్ల చోటు ఉంది. 1998లో ప్రమాణంగా స్థిరపడిన ఈ పద్ధతిలో 0 నుంచి 63 దాకా అంకెలు రాయొచ్చు. మాటలు మోసే పాకెట్లకు సాధారణంగా వేసే అంకె 46. ఆ అంకె కనబడితే రౌటర్ దాన్ని ముందు వరుసలోకి పంపుతుంది.

మరి అందరూ 46 వేసుకుంటే? అందుకే ఒక ఆఫీసు సొంత నెట్‌వర్క్ లోపల పనికొచ్చిన ఆ గుర్తును బయటి నెట్‌వర్కులు చాలాసార్లు గడప దగ్గరే చెరిపేస్తాయి. ప్రతి కారూ సైరన్ పెట్టుకుంటే అంబులెన్స్‌కు దారి ఉండదు.

ట్రంక్ కాల్ నాటి సంగతి

ముందు ఎవరు, వెనుక ఎవరు అన్న ప్రశ్న కంప్యూటర్లతో పుట్టింది కాదు. ట్రంక్ కాల్ బుక్ చేసిన తరానికి ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అనే మూడు మాటలు గుర్తుంటాయి. లైట్నింగ్‌కు డబ్బు ఎన్నో రెట్లు ఎక్కువ, లైను వెంటనే దొరికేది. తర్వాత ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. సిద్దిపేట కోడ్ 08457. రాత్రి 11 దాటితే పావు చార్జీ. పసుపు బోర్డు బూత్ ముందు ఆ వేళకు చేరే మనుషుల వరుసను చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బొంబాయికి పోయిన మనిషితో మాట్లాడాలంటే నిద్ర ఆపుకోవాల్సిందే. పగటి రద్దీని రాత్రికి జరపడానికి టెలిఫోన్ శాఖ వాడిన పరికరం రేటు.

అదే ఆలోచన 2025 ఆగస్టు 1న మళ్లీ మన జేబులోకి వచ్చింది. ఆ రోజు నుంచి యూపీఐ యాప్ ఒక్కొక్కదానిలో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూసుకోవడం కుదరదు. నెలనెలా తనంతట తాను కట్ అయ్యే ఆటోపే చెల్లింపులను కూడా రద్దీ లేని వేళలకు నెట్టారు, అంటే ఉదయం 10 లోపు, మధ్యాహ్నం 1 నుంచి 5 దాకా, రాత్రి 9:30 తర్వాత. కూరగాయల బండి దగ్గర పది రూపాయలు ఆగకుండా వెళ్లాలంటే, ఊరికే బ్యాలెన్స్ చూసుకునేవాళ్లు కాస్త ఆగాలి. ఇది న్యాయమైన ఏర్పాటే అని నా నమ్మకం.

నీరటి చేసే పని

మా వైపు ఊళ్లలో చెరువు నీళ్లు పంచే మనిషిని నీరటి అంటారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ఏ కాలువకు ఎన్ని గంటలు, ఆయకట్టు చివరి మడి ఎండకుండా మొదటి మడి వాళ్లను ఎలా ఆపాలి – ఇదంతా ఆయన పని. పంట చేతికొచ్చినప్పుడు ఆయనకు వాటా గింజలు. చెరువు ఎంత పెద్దదైనా నీరటి సరిగ్గా లేకపోతే చివరి మడి ఎండుతుంది. నెట్‌వర్క్ పుస్తకాల్లో ట్రాఫిక్ నిర్వహణ, సేవా నాణ్యత అని రాసేవన్నీ నా లెక్కలో నీరటి పనులే. రౌటర్‌లో పాకెట్లు ఆగే చోటు చెరువు. బయటికి వెళ్లే లైను తూము. నిండి పొర్లితే మత్తడి దుంకుతుంది, అంటే పాకెట్లు రాలిపోతాయి.

పంపకం న్యాయంగా జరిగిందా లేదా అని కొలిచే లెక్క కూడా ఒకటుంది. 1984లో రాజ్ జైన్, ఆయన సహచరులు ఇద్దరు కలిసి ఇచ్చారు. అందరికీ వచ్చిన వాటాలను కూడి ఆ మొత్తాన్ని వర్గం చేయాలి. విడివిడి వర్గాల మొత్తాన్ని మనుషుల సంఖ్యతో గుణించి దానితో భాగించాలి. నాలుగు ఇళ్లకు తలా 10 వస్తే జవాబు 1, నిండు న్యాయం. ఇద్దరికి 20 చొప్పున వచ్చి ఇద్దరికి ఏమీ రాకపోతే 0.5. ఒక్కరే 40 లాక్కుంటే 0.25. చెరువు కట్ట మీద జరిగిన ఎన్నో తగాదాలను ఈ ఒక్క అంకెతో చెప్పొచ్చు.

400 గజాల్లో ఎండిన కాలువ

1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కు, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి మధ్య ఉన్న లైను ఉన్నట్టుండి చచ్చుపడింది. రెండింటి మధ్య దూరం 400 గజాలు. సెకనుకు 32,000 బిట్లు పోవాల్సిన చోట 40 బిట్లు పోయాయి. 800 రెట్ల పతనం! తీగ తెగలేదు, మిషన్ చెడలేదు. రద్దీకి కొన్ని పాకెట్లు రాలిపోయాయి. జవాబు రాలేదని పంపినవాళ్లు మళ్లీ పంపారు. దానితో రద్దీ ఇంకా పెరిగింది, ఇంకా రాలాయి, ఇంకా పంపారు.

దీని మూలం వెతికి వాన్ జేకబ్సన్ 1988లో ప్రచురించిన పరిష్కారం మీద ఇవాళ్టికీ ఇంటర్నెట్ నడుస్తోంది. పంపినవి క్షేమంగా చేరుతుంటే వేగం కొంచెం కొంచెం పెంచు. ఒకటి రాలిందని తెలిస్తే వేగాన్ని సగానికి దించు. అంతే! దీనికి పై అధికారి లేడు, పోలీసు లేడు. లోకంలోని ప్రతి కంప్యూటరూ తన మడి గండిని తానే కట్టుకుంటుంది. నాకు ఇంటర్నెట్ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. కోట్ల మిషన్లు, ఒకదాని మొహం ఒకటి చూడనివి, దారి ఇరుకైందని తెలియగానే ఎవరికి వారు తగ్గుతాయి.

మత్తడి ముందే దుంకితే మంచిది

చెరువు పూర్తిగా నిండే దాకా ఆగి ఒక్కసారిగా పాకెట్లను పారేస్తే అందరూ ఒకేసారి సగానికి దిగుతారు, మళ్లీ ఒకేసారి లేస్తారు. అందుకని నిండకముందే అక్కడొకటి, ఇక్కడొకటి కావాలనే రాల్చే పద్ధతిని శాలీ ఫ్లాయిడ్, జేకబ్సన్ 1993లో చెప్పారు. రాలిన పాకెట్టు పోయినట్టు కాదు, పంపినవాడి దగ్గర నకలు ఉంటుంది. ఇంకో అడుగు ముందుకు వేసి, రాల్చకుండా పాకెట్టు మీద చిన్న గుర్తు పెట్టి "ముందు నీళ్లు నిలుస్తున్నాయి, తగ్గించు" అని చెప్పే పద్ధతి 2001లో ప్రమాణమైంది. దాన్ని రాసిన ముగ్గురిలో కె.కె. రామకృష్ణన్ ఒకరు.

దుక్కిపాటి వారి 10

తెలుగు చెవికి బాగా తెలిసిన ఇంటిపేరు ఒకటి ఇంటర్నెట్ ప్రమాణాల్లో ఉంది. నందిత దుక్కిపాటి స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి గూగుల్‌లో చేరారు. అప్పటిదాకా ఏ కంప్యూటరైనా కొత్తగా మాట కలిపినప్పుడు దారి ఎలా ఉందో తెలియక జాగ్రత్తగా 3 లేదా 4 పాకెట్లు పంపి, జవాబు వచ్చాక పెంచేది. లోకంలోని దారులు వెడల్పయ్యాయి, మొదటి విడతలోనే 10 పంపొచ్చు అని ఆమె, ఆమె సహచరులు కొలిచి చూపించారు. 2013లో అది ప్రయోగాత్మక పత్రంగా వచ్చింది.

3కీ 10కీ ఏం తేడా అనుకోవద్దు. పాకెట్టుకు 1,500 బైట్లు. ఓ చిన్న పేజీ 10 పాకెట్లుందనుకోండి. 3తో మొదలుపెడితే మొదట 3, తర్వాత 6, మిగిలిన ఒక్కదాని కోసం మూడో విడత. 10తో మొదలైతే ఒక్క విడతలో పూర్తి. పోయి రావడానికి పావు సెకను పట్టే దూరమైతే అర సెకను మిగిలినట్టు. హైదరాబాద్‌లో సర్వర్ ఉన్నవాడికి ఇది పెద్దగా తెలియదు. దూరంగా ఉన్నవాడికే తెలుస్తుంది, నీరటి చివరి మడిని గుర్తుపెట్టుకున్నట్టు.

భగీరథ కందకంలో వెలుగు

మిషన్ భగీరథను ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించింది 2016 ఆగస్టు 7న, గజ్వేల్ దగ్గరి కోమటిబండలో. రెండు నెలలు దాటాక, అక్టోబరు 11న, ఆ ప్రాంతం కొత్తగా పుట్టిన సిద్దిపేట జిల్లాలో భాగమైంది. ఇంటింటికీ నల్లా నీళ్ల కోసం రాష్ట్రమంతా కందకాలు తవ్వుతున్నప్పుడు వాటిలోనే ఫైబర్ కోసం గొట్టం కూడా వేశారు. తెలంగాణ ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్‌కు పునాది అదే. ఫైబర్ వేయడంలో తీగ ఖర్చు కంటే తవ్వకం ఖర్చే ఎక్కువ. ఒకసారి తవ్విన మట్టిలో నీళ్లూ వెలుగూ రెండూ పడితే ఆ ఖర్చు ఒక్కసారే. 2024 డిసెంబరులో తొలి విడతగా కొన్ని ఊళ్లలో ఇళ్లకు ఈ కనెక్షన్లు మొదలయ్యాయి.

ఆంధ్రప్రదేశ్ ఇంకో దారి పట్టింది. అక్కడ ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా వెళ్లింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు రూ. 149తో టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి ఇచ్చింది. స్తంభాల మీద వేస్తే పని తొందరగా అవుతుంది కానీ గాలివానకు భయం. మట్టిలో వేస్తే గాలివాన లేదు, జేసీబీ ఉంది.

వీధి డబ్బాలో వంతుల లెక్క

మీ ఇంటి ఫైబర్ మీ ఒక్కరిది కాదు. కేబుల్ ఆఫీసు నుంచి వచ్చే ఒకే ఒక గాజు పోగు మీ వీధి స్తంభం మీది డబ్బాలో చీలి, మామూలుగా 32 లేదా 64 ఇళ్లకు వెళ్తుంది. ఆ డబ్బాకు కరెంటు కూడా అక్కరలేదు, వెలుగును చీల్చే గాజు ముక్క అంతే. పైనుంచి వచ్చే డేటా అన్ని ఇళ్లకూ వస్తుంది. తాళం వేసి ఉంటుంది కాబట్టి ఎవరిది వాళ్లే తీసుకోగలరు.

అసలు విశేషం ఇళ్ల నుంచి పైకి వెళ్లే దారిలో ఉంది. 32 ఇళ్లూ ఒకేసారి వెలుగు పంపితే ఒకదానితో ఒకటి కలిసి ఏదీ అర్థం కాదు. అందుకని ఆఫీసులోని మిషన్ వంతులు వేస్తుంది. సెకనును 8,000 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏ ఇల్లు ఎంతసేపు వెలగాలో చెబుతుంది. అడిగినవాళ్లకు ఎక్కువ, నిద్రపోతున్న ఇంటికి తక్కువ. 8,000 అన్న అంకె పాత టెలిఫోన్ నుంచి వచ్చింది, అప్పట్లో మనిషి గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి పంపేవాళ్లు.

ఇంకా ముచ్చటైన సంగతి. ఆఫీసుకు 200 మీటర్ల దూరంలో ఉన్న ఇంటి వెలుగు ముందు వస్తుంది, 5 కిలోమీటర్ల అవతలి ఇంటిది ఆలస్యంగా వస్తుంది. మిషన్ ప్రతి ఇంటి దూరాన్నీ కొలిచి, దగ్గరి ఇంటిని కాస్త ఆగి మొదలుపెట్టమంటుంది. చివరి మడికి నీళ్లు చేరడానికి ఎంతసేపు పడుతుందో నీరటికి తెలిసినట్టే దీనికీ తెలుసు.

మైనస్ ఇరవై తొమ్మిది

ఒకనాడు మా ఇంటి డబ్బాలో, వెలుగు అందడం లేదని చెప్పే ఎల్ఓఎస్ ఎర్ర లైటు కొట్టుకోవడం మొదలైంది. లైన్ చూసే తమ్ముడు వచ్చి, పచ్చ మూతి పిన్ను లాగి, తన చేతి మీటర్‌కు తగిలించి చూశాడు.

"మైనస్ ఇరవై తొమ్మిది చూపిస్తుందన్నా. ఎక్కడనో వంగింది."

గోడ వెంట తడుముకుంటూ వెళ్లాడు. కిటికీ మూల మేకు దగ్గర, పరదా కట్టినప్పుడు మేమే కేబుల్‌ను గట్టిగా మడిచి పెట్టాం. ఆ మడత విప్పి, చేతి వెడల్పు చుట్టగా తిప్పి టేపు వేశాడు. మళ్లీ మీటర్ పెడితే మైనస్ ఇరవై. ఆ 9 డెసిబెళ్ల తేడా అంటే మా డబ్బాకు చేరే వెలుగు దాదాపు 8 రెట్లు పెరిగినట్టు. వాడకంలో ఉన్న చాలా డబ్బాలు మైనస్ 28 కంటే మసకగా ఉన్న వెలుగును చదవలేవు. గాజు పోగు విరగకపోయినా, పదునుగా వంగిన చోట వెలుగు పక్కకు కారిపోతుంది.

మూల గదిలోని ఫోను

వైఫైలో ఒక వింత. దూరపు మూల గదిలో కూర్చున్నవారి ఫోనుకు సిగ్నల్ తక్కువ కాబట్టి అది నెమ్మదిగా మాట్లాడుతుంది. ఒక పాకెట్టు పంపడానికి గాలిని ఎక్కువసేపు పట్టుకుంటుంది. అంతసేపూ రౌటర్ పక్కనే ఉన్న వేగవంతమైన ల్యాప్‌టాప్ కూడా ఆగాలి. మూల గది ఫోనును మంచి చోటికి జరిపితే ఇల్లంతటికీ వేగం పెరుగుతుంది.

పక్కింటికి పరదేశం మీదుగా

మీరొక కంపెనీ లైను, పక్కింటివారు ఇంకో కంపెనీ లైను. ఒకప్పుడు మీ పాకెట్టు వారి ఇంటికి వెళ్లాలంటే సముద్రం దాటి విదేశంలో చేతులు మారి తిరిగి రావాల్సిన సందర్భాలు చాలా ఉండేవి. దేశంలో కంపెనీలు కలుసుకునే రచ్చబండ లేకపోవడమే కారణం. 2003లో నిక్సీ అనే సంస్థతో ఆ రచ్చబండ ఏర్పడింది. హైదరాబాద్‌లోనూ దాని కూడలి ఉంది.

ఒకే పాఠం, లక్షల ఇళ్లు

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ మొదలవగానే దేశంలోని వీడియో సంస్థలు మొబైల్ నెట్‌వర్కుల మీద బొమ్మ నాణ్యతను 480కి తగ్గించుకుంటామని ఒప్పుకున్నాయి, ఏప్రిల్ 14 దాకా. ఇంట్లో అందరూ ఒకేసారి చూస్తే దారి చాలదని. ఆ సెప్టెంబరు 1న తెలంగాణ సర్కారు బడుల పిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. వాటిని టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో వేశారు. నెట్‌వర్క్ కోణంలో చూస్తే ఇది చాలా తెలివైన నిర్ణయం. ఇంటర్నెట్‌లో వెయ్యి మంది పిల్లలు ఒకే పాఠం చూస్తే సాధారణంగా వెయ్యి నకళ్లు ప్రయాణిస్తాయి. ఆకాశం నుంచి టీవీకి వచ్చేది ఒకే నకలు, చూసేది పది మందైనా పది లక్షల మందైనా రద్దీ పెరగదు. టీవీ లేని ఇళ్ల పిల్లలు పక్కింట్లో కూర్చుని నోట్సు రాసుకున్నారు.

2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే క్షణంలో 5.9 కోట్ల మంది చూశారు. అక్కడ ఆకాశం సాయం లేదు. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ నాలుగైదు నాణ్యతల్లో తయారుచేసి, నకళ్లను ఊరి దగ్గరి సర్వర్లలో దాచి పెడతారు. దారి ఇరుకైతే ఫోను తనంతట తానే తర్వాతి ముక్కను తక్కువ నాణ్యతలో అడుగుతుంది. కోహ్లీ మొహం మసకబారినప్పుడు తప్పు జరిగిందని అనుకుంటాం. ఆట ఆగకుండా ఉండటానికి ఫోను చేసిన సర్దుబాటు అది.

27 బైట్ల ఊరు

ఇంగ్లిష్ లిపిలో సిద్దిపేట రాస్తే 8 అక్షరాలు, 8 బైట్లు. తెలుగులో రాస్తే 27 బైట్లు. గుణింతాలు, వత్తులు కలిపి 9 గుర్తులు, ఒక్కోదానికి 3 బైట్లు. పాత ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్‌కు 160 అక్షరాలు పట్టేవి, తెలుగుకు 70 గుర్తులే. తెలుగులో సందేశం కొంచెం పొడుగైతే రెండు ఎస్ఎంఎస్‌ల లెక్క పడేది. ఇప్పుడు వెబ్ పేజీలను కుదించి పంపుతారు కాబట్టి ఆ తేడా చాలా తగ్గింది. ఓ నిమిషం వీడియో ముందు జీవితమంతా రాసిన తెలుగు ఉత్తరాలైనా పెద్ద బరువు కాదు.

టోకెన్ల బిందె

తిరుమల సర్వదర్శనానికి వేళతో కూడిన టోకెన్ ఇస్తారు. టోకెన్ ఉన్నవాడికే ఆ వేళకు ఆ టోకెన్ల క్యూలోకి దారి. నెట్‌వర్కుల్లో ఇదే పేరుతో ఇదే పద్ధతి ఉంది. ఓ బిందెలో సెకనుకు ఇన్ని చొప్పున టోకెన్లు పడుతుంటాయి. పాకెట్టు బయటికి వెళ్లాలంటే టోకెన్ తీసుకోవాలి. కాసేపు ఎవరూ రాకపోతే బిందె నిండుతుంది, ఆ తర్వాత వచ్చినవాళ్లు గబగబా వెళ్లిపోవచ్చు. బిందె ఖాళీ అయితే ఆగాలి. మీ ప్లాన్‌లో రాసిన వేగాన్ని కంపెనీ నిలబెట్టేది చాలావరకు ఈ బిందెతోనే. స్పీడ్ టెస్ట్ మొదట్లో ఎగిరి తర్వాత స్థిరపడితే, నిండు బిందె ఖాళీ అయ్యిందని ఓ కారణం అనుకోవచ్చు.

పెద్ద చెరువు చేసిన చేటు

చివరి విశేషం మా ఇంట్లో జరిగింది. సిద్దిపేట నుంచి డల్లాస్‌కు ఆకాశ మార్గాన 14,000 కిలోమీటర్ల పైనే. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే మాట అటు చేరడానికే కనీసం 70 మిల్లీసెకన్లు. తీగలు తిన్నగా పోవు కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువ. మాటకు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే మనిషికి ఇబ్బంది తెలియదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ప్రమాణం. అంటే ఆ దూరానికి కొంచెమే వెసులుబాటు మిగిలింది.

మా అక్క కూతురు అక్కడ ఉంటుంది. ఆదివారం పొద్దున అమ్మ వీడియో కాల్ చేస్తుంది. ఒకవారం పిలిచినప్పుడల్లా ఇద్దరి మాటలూ ఢీకొట్టుకునేవి. అమ్మ ఒక మాట అని ఆగేది, అటు నుంచి ఏమీ రాదు, మళ్లీ అనేది, సరిగ్గా అప్పుడే మొదటి మాటకు జవాబు వచ్చి మీద పడేది. "నా మాట ఇంటలేదా బిడ్డా?" అని అమ్మ. ప్లాన్ 100 మెగాబిట్లు. స్పీడ్ టెస్ట్ నిండుగా చూపిస్తోంది.

అసలు సంగతి పక్క గదిలో ఉంది. తమ్ముడు పెళ్లి వీడియో అప్‌లోడ్ పెట్టి నిద్రపోయాడు. హైదరాబాద్ సర్వర్‌కు పింగ్ కొట్టి, అంటే పోయి వచ్చే సమయం కొలిచి చూస్తే మామూలుగా 14 మిల్లీసెకన్లు వచ్చేది 814 అని చూపిస్తోంది. లెక్క వేస్తే సరిపోయింది. అప్‌లోడ్ వేగం 10 మెగాబిట్లు, డబ్బాలో ఆగే చోటు సుమారు 1 మెగాబైటు, అంటే 8 మెగాబిట్లు. నిండిన ఆ చెరువు ఖాళీ కావడానికి 0.8 సెకను. అమ్మ మాట ప్రతిసారీ పెళ్లి వీడియో వెనుక వరుసలో నిలబడి 800 మిల్లీసెకన్లు ఆగి బయలుదేరుతోంది. డల్లాస్ దాకా ప్రయాణం కంటే మా హాలు గోడ మీది డబ్బాలో పట్టిన సేపే ఎక్కువ.

మెమొరీ చవకయ్యాక తయారీదారులు పాకెట్లు రాలకూడదని ఇంత పెద్ద చెరువులు తవ్వి పెట్టారు. మత్తడి దుంకకపోవడంతో పంపేవాడికి రద్దీ సంగతే తెలియదు, తగ్గడు. జిమ్ గెటిస్ అనే ఇంజినీరు 2010లో తన ఇంట్లోనే దీన్ని గమనించి దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ మందు కనిపెట్టారు. వరుస పొడుగును చూడకు, పాకెట్టు ఎంతసేపు నిలబడిందో చూడు, 5 మిల్లీసెకన్లకు మించి నిలబడటం అలవాటైతే రాల్చడం మొదలుపెట్టు అని. దానికి ఇంకొకటి చేర్చి, ఒక్కో సంభాషణకూ విడి వరుస పెట్టి వంతుల ప్రకారం వదిలే పద్ధతి 2018లో పత్రంగా వచ్చింది.

మా రౌటర్ సెట్టింగుల్లో ఆ ఏర్పాటు ఉంది, ఎవరూ నొక్కలేదు అంతే. దాన్ని ఆన్ చేసి, అప్‌లోడ్‌ను 10కి బదులు 9 దగ్గర కట్టాను, వరుస మా రౌటర్‌లోనే ఏర్పడాలని. పింగ్ 20 దగ్గర నిలిచింది. పెళ్లి వీడియో వెళ్తూనే ఉంది. పది శాతం తక్కువ వేగంతో వెళ్లింది, తమ్ముడికి తెలియను కూడా తెలియలేదు.

అమ్మ మళ్లీ ఫోను ఎత్తింది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న అమ్మమ్మా. నువ్వు?"